వాసన లేని గట్టు

మా ఇంటి ముందు కాలువ గట్టున పార్కు వస్తుందని మొదటిసారి విన్నప్పుడు నాకు ముప్పై ఆరేళ్ళు. ఇప్పుడు యాభై ఎనిమిది. ఈ మధ్యలో ఎంతమంది ఆఫీసర్లు మారారో, ఎన్నిసార్లు టేపులు పట్టుకొచ్చి కొలిచి, సున్నంతో గీతలు గీసి, మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్ళారో చెప్పలేను. గీతలు వానకు కొట్టుకుపోయేవి. మరుసటేడు ఇంకొకరు వచ్చి మళ్ళీ గీసేవారు. కాగితం మీద మాత్రం పార్కు ఎప్పుడూ పచ్చగానే ఉండేది. మూడు కిలోమీటర్ల పొడుగున సన్నగా సాగే తోట, మధ్యలో నడిచే బాట, బెంచీలు, పక్కనే నీలంగా కాలువ. లీనియర్ పార్కు అన్నారు. కాలువకు నీలం రంగు వేసినవాణ్ణి ఒక్క వేసవి మధ్యాహ్నం మా వరండాలో కూర్చోబెట్టి అన్నం పెట్టాలని నాకు మహా కోరికగా ఉండేది.

బెజవాడలో కాలువ పక్కన ఇల్లంటే వినేవాళ్ళు చల్లగా ఉంటుంది కాబోలు అనుకుంటారు. మా గట్టు వీధికొచ్చి చూస్తే తెలుస్తుంది. ఏప్రిల్‌లో నీళ్ళు కట్టేశారంటే కాలువలో మిగిలేది మురుగే. కుళ్ళిన గుడ్లూ, చచ్చిన ఎలుకలూ, హోటలు ఎంగిలాకులూ కలిపి పెద్ద డేగిసాలో కాచినట్టుండేది. నీళ్ళు వదిలిన నెలల్లోనూ ఆ కంపు పూర్తిగా పోయేది కాదు. చుట్టాలొస్తే కాఫీ గ్లాసు ముక్కుకు అడ్డం పెట్టుకునే మాట్లాడేవారు. రెండోసారి రమ్మంటే ఫోను చేస్తామనేవారు.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు మాట్లాడటమే ఉద్యోగం కాబట్టి వీధి అర్జీలన్నీ నాకే అప్పగించారు. మావారు ఆంజనేయులుగారు సంతకం పెట్టమన్నచోట పెట్టే మనిషి. నా అర్జీల్లో ఎప్పుడూ రెండే కోరికలు. ఒకటి, కాలువ కంపు పోగొట్టాలి. రెండు, అవతలి గట్టు మీద గుడిసెలు తీయించి పార్కు కట్టాలి. అన్నింటి మీదా మొదటి సంతకం వేమూరి సీతారావమ్మది, అంటే నాదే. ఆ రెండో కోరిక రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

మా ఒక్కగానొక్క కూతురు హైమ ఈ కంపులోనే పుట్టి పెరిగింది. బళ్ళో పక్కపిల్లలు దాని యూనిఫాం వాసన చూసి దూరం జరిగి కూర్చునేవారట. పట్టుదలగల పిల్ల. జీవశాస్త్రం చదివి, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరి, ఎనిమిదేళ్ళు ఒకే ఒక్క పని మీద కూర్చుంది. ఏం చేస్తున్నావే అంటే నాచు పెంచుతున్నానమ్మా అనేది. నాచు పెంచడానికి హైదరాబాదు దాకా ఎందుకు, మన కాలువలో బోలెడుంది కదా అని నేను ఎత్తిపొడిచేదాన్ని.

ఒక ఆదివారం ఆ నాచు ఇంటికి పట్టుకొచ్చింది. భోజనాల బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టి, ఒకదాంట్లో కుళ్ళిన కోడిగుడ్డు పగలగొట్టింది. మావారు ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తారు. రెండో దాంట్లో గుప్పెడు మల్లెలు వేసింది. రెండింటిలోనూ వేలెడంత నాచు వేసి మూతలు బిగించి, ఇడ్లీ తినడానికి కూర్చుంది. తిని, చెయ్యి కడుక్కుని మూతలు తీసింది. గుడ్డు నల్లగా అలాగే ఉంది, కంపు మాత్రం మచ్చుకైనా లేదు. మల్లెల సీసా మూత తీయగానే ఇల్లంతా గుమ్మంది. నాచు మీది నూగు గాలిలోంచి వాసనను పట్టుకుని తినేస్తుందనీ, దీనికి కుళ్ళు వాసనే ఇష్టమనీ, పూల జోలికి పోదనీ చెప్పింది. ఆ మల్లెలు తల్లో పెట్టుకుని, ఎనిమిదేళ్ళకు మొదటిసారి నా కూతురి చదువు నాకు అర్థమైందనుకున్నాను.

పార్కు ప్రాజెక్టు వాళ్ళకు ఇది నచ్చింది. చలపతి అని ఒక ఇంజనీరు వచ్చి, మొదటి దశలో నాలుగు వందల మీటర్ల మేర నాచు పరుస్తాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు అన్నాడు. ఎక్కడేమిటి, మా వీధిలోనే. పక్క కాలనీ వాళ్ళు అడ్డం వస్తే వాళ్ళతో పోట్లాడాను. నాచు కనిపెట్టిన పిల్ల తల్లిని నేను, ఆ మాత్రం హక్కు నాకు లేదా అన్నాను. మే నెలలో ఇవతలి గట్టు పొడుగునా పచ్చని తివాచీలా పరిచారు. అవతలి గట్టు మీద గుడిసెలున్నాయి కాబట్టి అది రెండో దశకు వదిలేశారు.

నలభై రోజుల్లో కంపు పోయింది. నిజంగా పోయింది. పొద్దున్నే లేచి తలుపు తీస్తే గాలి గాలిలాగే ఉంది. బాట వేశారు, బెంచీలు వచ్చాయి, మావారికి నడక స్నేహితులు ఏర్పడ్డారు. ప్రారంభోత్సవం డిసెంబరులో అన్నారు. వీధిలో వాళ్ళు నాకు శాలువా కప్పి హైమ ఫోటో ఫ్లెక్సీ కట్టారు. నేను ఆ శాలువా కప్పుకునే పాలప్యాకెట్టుకు వెళ్ళాను.

తర్వాత తర్వాత ఇంకొన్ని పోయాయి. కాఫీ డికాక్షన్ దిగుతున్నా వంటింట్లో ఏమీ తెలిసేది కాదు. పోపు మాడిపోయినా కళ్ళతో చూస్తే తప్ప కనిపెట్టలేకపోయేదాన్ని. మావారు కూర చప్పగా ఉందంటే, కరోనా వచ్చినప్పుడు పోయిన ముక్కు మీకు ఇంకా తిరిగి రాలేదన్నాను. ఆ మాట మా వీధిలో అందరూ అందరితో అన్నదే. బజారుకెళ్తే ముక్కు బాగానే ఉండేది, ఇంటికొస్తే మూసుకుపోయేది. ఇది దుమ్ము ఎలర్జీ అని డాక్టరు మాత్రలిచ్చాడు. దుమ్ము మాట నిజమే. కిటికీ ఊచల మీద, మంచం కోళ్ళ మీద, ఆరేసిన బట్టల మీద లేత పచ్చగా సన్నటి పొడి పడేది. పొద్దునా సాయంత్రం తుడిచేదాన్ని. తుడిచి తుడిచి విసుగొచ్చేది గానీ, కంపు కంటే దుమ్ము నయం కదా అని సరిపెట్టుకున్నాను.

హైమ ఎనిమిదో నెలలో పురిటికి వచ్చింది. నెల తప్పినప్పటి నుంచీ ఏ వాసనా పడక వాంతులతో సగమైన పిల్ల, ఇంట్లో అడుగు పెట్టగానే హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇంత బాగుందేమిటమ్మా ఇక్కడ అని మురిసిపోయింది. తన నాచు ఒడ్డునే బెంచీ మీద కూర్చుని సాయంత్రాలు కాలువ చూసేది. ఎంత గర్వంగా ఉండేదో దాని మొహం. నాకూ అంతే.

నవంబరు మొదటి వారంలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. మా వీధి చివర, నాచు పరిచిన మేర దాటాక ఉన్న ఆసుపత్రిలో మూడు రోజులున్నాం. పుట్టిన గంటకే తల్లి రొమ్ము వెతుక్కుని పట్టుకుంది, వదిలించుకోవడం కష్టమయ్యేది. అల్లుడు శశిధర్ పుణె నుంచి వచ్చి, నాలుగు రోజులుండి, పిల్ల మొహం మీద వేలు పెట్టి చూసుకుని వెళ్ళాడు. నాలుగో రోజున ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ రోజు నుంచీ రొమ్ము పట్టలేదు.

ఒళ్ళో వేసుకుంటే తల అటూ ఇటూ తిప్పి వెతికేది. రొమ్ము మూతికి తగులుతున్నా అదేదో కొయ్యముక్క అయినట్టు మొహం తిప్పేసి ఏడ్చేది. ఎవరెత్తుకున్నా ఏడుపే. తల్లీ ఒకటే, నేనూ ఒకటే, మావారూ ఒకటే. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తే సగం మింగి సగం కక్కేది. కూర్చునే పద్ధతి తప్పని నేను, బాలింత పథ్యం తప్పిందని పక్కింటివాళ్ళు, దిష్టని మావారి చెల్లెలు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశాం. ఘాటు కోరు రాలేదు. మిరపకాయ కాలితే కోరు రాకపోవడం ఏమిటని ఒక్కరికీ తోచలేదు. దిష్టి అంత గట్టిగా తగిలిందని గుండెలు బాదుకున్నాం.

నా సొంత తెలివి చెబుతాను వినండి. రోజూ పిల్లకు నేనే నీళ్ళు పోసి సాంబ్రాణి వేసేదాన్ని. పొగ వస్తోంది, వాసన రావడం లేదు. కల్తీ సరుకని కొట్టువాడి మీద విరుచుకుపడి తిరిగి ఇచ్చేశాను. రెండో కొట్టులోనూ అదే తంతు. మూడో కొట్టతను నాకంటే గట్టివాడు. నా ఎదురుగానే పళ్ళెంలో నిప్పు వేసి సాంబ్రాణి చల్లాడు. కొట్టంతా ఘుమఘుమలాడింది. అదే పొట్లం ఇంటికి తెచ్చి వేస్తే ఒట్టి పొగ. అప్పుడైనా నా బుర్ర వెలగాలి కదా. చూపించింది ఒకటి, కట్టిచ్చింది ఒకటి, దొంగవెధవ అని మళ్ళీ వెళ్ళి నానా మాటలూ అని వచ్చాను.

ఎనిమిదో రోజుకు పిల్ల రెండు కిలోల ఐదు వందల యాభైకి దిగింది. ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ తల్లికీ పిల్లకూ స్నానాలు చేయించి, ఆసుపత్రి బట్టలు కట్టి పడుకోబెట్టారు. సాయంత్రానికి పిల్ల చక్కగా రొమ్ము పట్టుకుంది. నర్సమ్మ నా వైపు ఒక చూపు చూసింది, ఇంట్లో మీరేం చేస్తున్నారు అన్నట్టు. రెండు రోజులుంచి పంపారు. ఇంటికి రాగానే మళ్ళీ మొదలు. పదమూడో రోజున రెండు కిలోల నాలుగు వందల ఎనభై. రెండు నాలుగు వందల కంటే దిగితే పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టాల్సిందే, ఆ పైన మేం చెప్పలేం అన్నాడు డాక్టరు.

హైమ ఏడవడం కూడా మానేసింది. గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల మూతి వంకే చూస్తూ, "అది నన్ను గుర్తుపట్టడం లేదమ్మా. నేనెవరో దానికి తెలియడం లేదు" అంది. పిచ్చిమాటలు మాట్లాడకు, రెండు వారాల పిల్లకు గుర్తుపట్టడం ఏమిటి అని కసిరాను. నాకు భయమేస్తే కోపమొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

పద్నాలుగో రోజు ఉదయం సువార్త వచ్చింది. సువార్త మా ప్రాంతానికి ఆశా కార్యకర్త. పుట్టిన పిల్లలున్న ఇళ్ళకు తిరిగి బరువు తూచి రాసుకోవడం ఆమె పని. ఉండేది అవతలి గట్టు మీద గుడిసెల్లో. ఆమెకూ ఎనిమిది నెలల కొడుకున్నాడు. వచ్చినప్పుడల్లా నేను ఆమెను వరండా దాటి రానిచ్చేదాన్ని కాదు. బయటి కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించేదాన్ని. ఏడో రోజున వచ్చినప్పుడే ఏదో చెప్పబోతే, నువ్వు తూకం చూసి వెళ్ళు, సలహాలు డాక్టరు ఇస్తాడులే అన్నాను.

ఈసారి తూకం ముల్లు చూసి ఆమె మొహం మాడింది. రెండు నాలుగు వందల ముప్పై. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే తూకం గుడ్డలోంచి తీసి భుజాన వేసుకుంది. ఏడుపు ఠక్కున ఆగింది. పది రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దం. పిల్ల తల నెమ్మదిగా దించి, సువార్త చీర కొంగు మీద మూతి రాస్తూ, నోరు తెరిచి రొమ్ము వెతకడం మొదలుపెట్టింది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఒళ్ళు భగ్గుమంది. పిల్లను లాక్కుని, నీ పాలు నీ కొడుక్కిచ్చుకో, మా పిల్ల జోలికి రావద్దన్నాను. నా చేతుల్లోకి వచ్చిన మరుక్షణం పిల్ల మళ్ళీ ఏడుపు అందుకుంది. సువార్త సంచి సర్దుకోబోయింది.

హైమ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. గోడ పట్టుకుని వచ్చి, నా దగ్గర్నుంచి పిల్లను తీసుకుని సువార్త చేతుల్లో పెట్టింది. మళ్ళీ ఏడుపు ఆగింది. అప్పుడు నా కూతురు ఒక వింత పని చేసింది. వంగి సువార్త భుజాన్ని వాసన చూసింది. తర్వాత తన జాకెట్టు అంచు ఎత్తి వాసన చూసుకుంది. ఆ తర్వాత నా చెయ్యి.

"పొద్దున ఏం వండావక్కా?" అని సువార్తను అడిగింది.

"ఎండు చేపలండి. వండి, బాబుకు పాలిచ్చి, తిన్నగా ఇటే వచ్చాను."

"నీ దగ్గర కొంచెం తెలుస్తోంది. నా దగ్గర ఏమీ లేదు."

సువార్త నా వైపు భయంగా చూసి, కోప్పడనంటే ఒక మాట చెప్తానంది. పుస్తకం తీసి వేలు పెట్టి చూపించింది. "ఆగస్టు నుంచి మీ గట్టున నాలుగు కాన్పులండి. నలుగురు పిల్లలూ ఆసుపత్రిలో పట్టారు, ఇంటికొచ్చాక మానేశారు. మా గట్టున ఆరు కాన్పులు. ఆరుగురూ సుబ్బరంగా తాగుతన్నారు. మొన్నే చెబుదామనుకున్నా, అమ్మగారు ఇనలేదు."

హైమ ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత నన్ను యాలకులు దంచమంది. బిడ్డ చావుబతుకుల్లో ఉంటే యాలకులేమిటే అని అరిచాను. దంచమ్మా అంది, గొంతు పెంచకుండా. రెండు చిన్న డబ్బాల్లో సగం సగం పోయించి, కిటికీ ఊచ మీది పచ్చపొడి చిటికెడు గీకి ఒక డబ్బాలో వేసింది. మూతలు పెట్టి పిల్లను పొత్తిళ్ళలో చుట్టుకుని, "పదక్కా, మీ ఇంటికి" అంది.

మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మూడో నెల వచ్చేదాకా బాలింత పారే నీటిని దాటకూడదు. నేను దాటలేదు, నా ఆడపడుచులు దాటలేదు. హైమ పురిటి ఆసుపత్రిని కూడా కాలువ దాటనక్కర్లేని చోటే వెతికాను. గుమ్మానికి అడ్డం నిలబడి ఆ మాటే అన్నాను. మావారు, పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళలో నా మాటకు అడ్డు చెప్పని మనిషి, వచ్చి నా భుజం పట్టుకుని పక్కకు జరిపారు. గట్టిగా ఏమీ జరపలేదు, కుర్చీ జరిపినట్టు జరిపారు. హైమ నడిచి వెళ్ళిపోయింది. నేనేం చేయను, తిట్టుకుంటూ వెనకాలే వెళ్ళాను.

కాలిబాట వంతెన మధ్యకు వచ్చేసరికి కంపు మొహాన కొట్టింది. ఐదు నెలలైంది ఆ కంపు పీల్చి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సువార్త ఇల్లు రేకుల కప్పు, ఒకటే గది, ఈగ వాలితే జారేంత శుభ్రంగా ఉంది. నులక మంచం మీద దుప్పటి దులిపి హైమను కూర్చోబెట్టింది. పిల్ల దారిలో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టుంది. హైమ ఒళ్ళోకి తీసుకుని ఊరుకుంది. రొమ్ము నోటికి పెట్టలేదు. అదే వెతుక్కోవాలి అంది.

ఎంతసేపో. గదిలో మురుగు వాసన, ఎండు చేపల వాసన, కిరసనాయిలు వాసన, అన్నీ తెలుస్తున్నాయి. పిల్ల ముక్కు పుటాలు కదిలాయి. కళ్ళు తెరవకుండానే తల తిప్పింది. మూతితో తడుముకుంటూ, తడుముకుంటూ వెళ్ళి పట్టుకుంది. గుటక వేసిన చప్పుడు నాకు వినిపించింది. హైమ అప్పుడు ఏడ్చింది, పది రోజుల ఏడుపూ ఒక్కసారే. నేను ఆ మట్టినేల మీదే కూర్చున్నాను.

తాగి తాగి పిల్ల నిద్రపోయాక, నన్ను డబ్బాల మూతలు తీయమంది. మొదటిది యాలకుల పొడి, గుమ్మంది. రెండో దాంట్లో ఉన్నదీ అదే పొడి, ముక్కులో పెట్టుకున్నా రంపపు పొట్టు కంటే ఎక్కువ లేదు.

"నాచుకు మేత అయిపోయిందమ్మా" అంది హైమ. "మన గట్టున కాలువ శుభ్రపడిపోయింది. ఆకలికి ఏది దొరికితే అది తింటోంది. పోపు, సాంబ్రాణి, నేను. ఆ పచ్చపొడి దాని నూగే. అది నా ఒంటి మీదే ఉంది, ఇప్పుడు కూడా. కానీ ఇక్కడ దానికి మురుగు ఉంది కాబట్టి నా వాసన జోలికి రావడం లేదు."

మల్లెల దగ్గర పనిచేయలేదు కదే, నా కళ్ళతో చూశాను కదా అన్నాను. ల్యాబులో నాచుకు రోజూ మేత వేసేదాన్ని, కడుపు నిండిన దాన్నే పరీక్ష చేశాను, ఆకలి మీద ఉన్నదాన్ని ఒక్కసారైనా పరీక్ష చేయాలని ఎనిమిదేళ్ళలో తోచలేదు అంది. కంపుకు దూరంగా పారిపోవాలన్న ఆలోచన తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు అని కూడా అంది. ఆ ఆలోచన నూరిపోసింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

ఆ మంచం మీది నుంచే పరిశోధనశాల పెద్దాయనకు ఫోను చేసింది. ఆయన గొంతు నాకూ వినపడుతూనే ఉంది. నలుగురు పిల్లలతో ఏమీ రుజువు కాదట. సోమవారం అవతలి గట్టు ఖాళీ చేయించి రెండో దశ పరచాలి, డిసెంబరులో ప్రారంభోత్సవం, అది కానివ్వు, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడు. హైమ సరేనండి అని పెట్టేసి, సువార్త దగ్గర కాగితం అడిగి తీసుకుంది. నాచు క్షేమమని తానిచ్చిన ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, నాచును ఉప్పునీళ్ళతో మొత్తం చంపేయాలనీ, దానికి కనీసం మూడు నెలలు పడుతుందనీ రాసింది. పది మంది పిల్లల బరువులూ సువార్త పుస్తకంలోంచి ఎక్కించి, కింద తన పేరు పక్కనే సువార్త పేరు కూడా రాసింది. ఫోటో తీసి అందరికీ పంపింది. ఇక నీ ఉద్యోగం అన్నాను. దాని సంగతి నాకు తెలుసమ్మా అంది.

అరగంటలో ఇంజనీరు చలపతి నాకు ఫోను చేశాడు. మేడమ్, మొదటి సంతకం మీది, గుడిసెలు తీయించమని రాసిందీ మీరే, ఇప్పుడు మీ అమ్మాయి ఇలా రాస్తే మేం ఎవరి మాట వినాలి అని విసుక్కున్నాడు. అతని విసుగు న్యాయమైనదే. సంతకం నాదేనయ్యా, బుద్ధి లేక పెట్టాను, రేపు వచ్చి కొట్టేస్తాను, సోమవారం మాత్రం ఇటు పలుగూ పారా పంపావంటే ఈ గుమ్మంలో నన్ను దాటుకుని వెళ్ళాలి అన్నాను. అవతలివాడు నిట్టూర్చాడు. కంపు మళ్ళీ వస్తుంది మేడమ్, తర్వాత మళ్ళీ అర్జీలు పెట్టకండి అన్నాడు.

ఫోను పెట్టేసి సువార్త వైపు తిరిగాను. క్షమించమని అడగాలి. ముప్పై ఏళ్ళు ఊరందరికీ మాట కలిపిన దాన్ని, నా నోట ఒక్క మాట రాలేదు. నేను తడబడటం చూసి ఆమె లేచి సంచి తగిలించుకుంది.

"అవన్నీ తర్వాత అమ్మగారూ. మీ వీధిలో ఇంకో ముగ్గురున్నారు. నేను చెబితే గేటు తీయరు. మీరు రండి."

వెళ్ళాను. మొదటి ఇల్లు తేలిగ్గానే అయింది. ఆ తల్లి బిడ్డ ఏడుపుతో విసిగి ఉంది, ఎక్కడికంటే అక్కడికి వచ్చేట్టుంది. రెండో ఇంట్లో తాతగారు, గుడిసెల్లోకి పసివాణ్ణా, మీకు మతి ఉందా అన్నాడు. నాకు లేకే ఇంత జరిగింది, మీకైనా ఉండాలి కదా అని ఆయన మీద అరిచి, కోడల్ని బయటికి పిలిచి, పిల్లాడితో సహా వంతెన మీద దించి వచ్చాను.

మూడోది వరలక్ష్మి ఇల్లు. నాతో కలిసి పార్కులో నడిచే మనిషి. ఆమె కోడలు లావణ్యకు ఇరవై మూడేళ్ళు, కూతురికి మూడో నెల. నెలన్నర క్రితం ఆ పిల్లను డబ్బాపాలలోకి దించారు. అప్పుడు వరలక్ష్మి వాళ్ళ వరండాలోనే కూర్చుని, ఈ కాలం ఆడపిల్లలకు ఓపికెక్కడిది, డబ్బా దొరికితే చాలు, ఒళ్ళు వంచకుండా అయిపోతుంది అన్నాను. లోపల లావణ్య ఉందని నాకు తెలుసు. వినాలనే అన్నాను.

గేటు దగ్గర నిలబడి వరలక్ష్మికి సంగతంతా చెప్పాను. ఆమె నోరు నొక్కుకుంది, కంపు గొడవ మళ్ళీనా అంది, ప్రారంభోత్సవానికి చీర కూడా కొన్నానంది. నేను జవాబు చెప్పేలోగా లావణ్య బయటికి వచ్చింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. బొద్దుగా, ఆరోగ్యంగా ఉంది. డబ్బాపాలతో బరువుకు లోటేమీ లేదు. లావణ్యే చిక్కిపోయింది. నా వైపు చూడకుండా సువార్తతో మాట్లాడింది.

"నాకు పాలు ఎండిపోయాయక్కా. ఇది ఎవరెత్తుకున్నా ఒకేలా ఉంటుంది. నా దగ్గరైనా, పనిమనిషి దగ్గరైనా ఒకటే. నేను దానికి ఏదో తక్కువ చేశాననుకున్నాను. ఇప్పుడు తీసుకొస్తే నన్ను గుర్తుపడుతుందా?"

సువార్త పుస్తకం తిప్పలేదు. అందులో దానికి గడి లేదు. ఆమె నా వైపు చూసింది. హైమ ఉంటే హైమ వైపు చూసేదాన్ని, కానీ దాని చదువులోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదని నాకు తెలుసు. లావణ్య కూడా అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"తెలీదమ్మా" అన్నాను. "రా, చూద్దాం."